మన దగ్గర కొన్న పుస్తకాలు

ఆ ఉదయం నా చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. ఈబుక్కులు చదువుకునే ఒక చిన్న యంత్రం, అదీ ఖాళీది. ఉద్యోగం ఊడబోతున్న ఒక నర్సు మాట. మర్నాడు ఆమె మీద విచారణ. ఈలోగా ఆ రెండింటినీ మారకం చేసి ఏదో ఒకటి మిగల్చాలి.

నేను పాత పుస్తకాలు కొని అమ్మేవాణ్ణి. దుకాణం వెనక గదిలో కూర్చుని, పోయిన వస్తువులు వెతికిపెట్టే పని కూడా చేస్తాను. నాకు రెండూ ఒకే వ్యాపారం. వస్తువు ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది, దారిలో లాభం ఎవరికి దక్కింది, ఇంతే చూడాలి. కానీ ఈ నర్సు పోగొట్టుకున్న సరుకు ఏ చేతికీ చేరలేదు. పోయింది, అంతే. అలాంటి దొంగతనం నా బేరాల్లో ఎప్పుడూ తగల్లేదు కాబట్టి కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాను.

ఆమెది పిల్లల వార్డు. కిందటి వారం ఒక పిల్లవాడికి అంతకుముందు ఆ వార్డులో వాడని మందు ఇవ్వాల్సి వచ్చింది. డాక్టరు మందు పేరు రాసి, మోతాదు పుస్తకంలో చూసి ఇవ్వమన్నాడు. ఆమె తను కొనుక్కున్న మందుల మోతాదుల ఈబుక్ తెరిచింది. అందులో 21 అని ఉంది. ఇచ్చింది. పిల్లవాడు తెల్లారేదాకా ఎంత లేపినా లేవలేదు. ఇప్పుడు కోలుకుని వార్డంతా తిరుగుతున్నాడు, అది వేరే సంగతి. అక్కడ ఉండాల్సిన అంకె 12. విచారణాధికారి తన కంప్యూటర్లో అదే పుస్తకం తెప్పించి చూశాడు. 12 అనే ఉంది. నర్సు అంకెలు తారుమారుగా చదివిందని తేల్చి, ఆమెను అట్నుంచి అటే ఇంటికి పంపేశాడు.

"తిరగేసి చదవలేదు అన్నయ్యా," అంది ఆమె. "వేలు పెట్టి చూశాను. పక్కనున్న అమ్మాయికి పైకి చదివి కూడా వినిపించాను. ఆ అమ్మాయికిప్పుడు గుర్తు లేదట."

యంత్రం ఇంట్లోనే ఉంది కదా, తెచ్చి చూపించకపోయావా అని అడిగాను. తెద్దామనే ఇంటికి వెళ్ళిందట. ఈలోగా ఈబుక్కుల దుకాణం నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఖాతా వివరాలు మారాయి, మీ యంత్రాన్ని ఒకసారి నెట్‌కి కలపండి అని. ఆమె కొనేటప్పుడు తప్ప నెట్ పెట్టే మనిషి కాదు. అయితే భర్త ఆ మధ్యనే ఫోన్ నంబరు మార్చాడు, ఇది అందుకే వచ్చిందనుకుని కలిపింది. కళ్ళముందే అల్మరా ఖాళీ అయిపోయింది.

ఆ ఒక్క పుస్తకమేనా అన్నాను.

"అన్నీ పోయాయి. కథల పుస్తకాలు, కుట్ల పుస్తకాలు, మా పెళ్ళిరోజుకి ఆయన కొనిపెట్టిన నవలతో సహా."

దుకాణం వాళ్ళని అడిగితే, మీ ఆయనే ఫోన్ చేసి ఖాతా మూసేయమన్నాడని చెప్పారు. ఖాతా మూశాక ఏ యంత్రంలోనూ పుస్తకాలు మిగలవని కూడా చెప్పారు. అప్పట్నుంచి భర్తతో మాట్లాడటం లేదామె. ఫోన్ మోగినా తీయడం లేదు.

మూట మొత్తం ఎత్తుకెళ్ళే దొంగలు రెండు రకాలు. లోపల ఏది విలువైనదో తెలియనివాడు ఒకడు. తనకి ఏది కావాలో ఎదుటివాడికి తెలియకూడదనుకునేవాడు ఇంకొకడు. మొదటివాడైతే సరుకు ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తుంది. ఇక్కడ అమ్మేందుకేమీ లేదు. కాబట్టి ఆ కథలూ కుట్లూ అన్నీ పైపైన కప్పిన గడ్డి. పోగొట్టదలచుకున్నది మందుల పుస్తకం ఒక్కటే.

ముందు భర్త సంగతి తేల్చుకోవాలి.

అతను దర్జీ. నేను వెళ్ళేసరికి మెడలో టేపు వేసుకుని ఒకావిడకి జాకెట్టు మెడ నమూనాలు చూపిస్తున్నాడు, గోడకి ఆనించిన పాత ట్యాబ్‌లో. దాని తెర ఒక మూల నుంచి ఇంకో మూలకి చీలి ఉంది. ఆవిడ వెళ్ళాక, నేనెవరో ఎందుకొచ్చానో చెప్పాను.

"మా ఆవిడ మిమ్మల్ని అన్నయ్య అందా?" అన్నాడు సూదికి దారం ఎక్కిస్తూ. "అయితే మీరు నాకు బావమరిది. ఇన్నేళ్ళకి ఒక బావమరిది దొరికాడు, దొరికినవాడు ఇంటల్లుణ్ణే నిలదీయడానికి వచ్చాడు."

హెల్ప్‌లైన్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేశావని అడిగాను. ఒక్కసారే అన్నాడు. కొత్త నంబరు ఇచ్చాడు, పెట్టేశాడు. రెండోసారి చేసి మూసేయమన్నది ఎవరో అతనికి తెలియదు. మీ ఇద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా అంటే ఉన్నాయన్నాడు. దీపం ఆర్పకుండా చదువుతుందట, అది గొడవ. ఆ మాట దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. అబద్ధం చెప్పదలచుకున్నవాడు ముందు ఇంట్లో గొడవలే లేవంటాడు.

ట్యాబ్ ఎవరిదని మాటవరసకి అడిగాను. మా ఆవిడ వాడి పడేసింది, తెర పగిలాక నాకు దక్కింది, దీనికి నెట్ కూడా లేదు అన్నాడు. విన్నాను గానీ ఆ వస్తువుకి ఖరీదు కట్టలేదు.

ఫోన్ చేసిన మనిషికి తన మాటల రికార్డింగ్ వినే హక్కుంది. దర్జీని వెంటబెట్టుకుని బయల్దేరాను. దుకాణం చూసుకోమని భార్యకి కబురు పెట్టాడు. ఆమె వచ్చి, అతని మొహం చూడకుండా మిషను ముందు కూర్చుంది.

ఈబుక్కుల దుకాణం అంటే షెల్ఫులూ దుమ్మూ ఉంటాయనుకుంటాను నేను. అక్కడ ఉన్నవి వరసగా బల్లలు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు. ఒక్క పుస్తకం లేదు. హెల్ప్‌లైన్ మేనేజరు మర్యాదస్తురాలు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, మా తరఫున ఈ విషయం చూస్తున్నది వీరే అంటూ పక్కనున్న మనిషిని పరిచయం చేసింది. ఆ అవసరం లేదు. అతన్ని మేమంతా ఇస్త్రీ అని పిలిచేవాళ్ళం. ఒకప్పుడు నా భాగస్వామి. చొక్కా మడత ఎప్పుడూ నలగదు, మాట మడత కూడా అంతే. మంచి ఖాతాదారులందర్నీ తన వెంట తీసుకుని నా దగ్గర్నుంచి వెళ్ళిపోయినవాడు.

"ఏరా చెదపురుగూ," అన్నాడు నన్ను చూసి. "తినడానికి కాగితం దొరకడం లేదా, అద్దాలు కొరకడానికి వచ్చావు?"

"పుస్తకాలు మాయమయ్యాయంటే నా మీద అనుమానం రాకుండా వచ్చాన్లే," అన్నాను.

ఇస్త్రీ తన వాదన ముందే మడత పెట్టి ఉంచుకున్నాడు. భార్యాభర్తలకి పడదు. భర్త కోపంతో ఖాతా మూయించాడు. భార్య తన పొరపాటుని పుస్తకం మీదకి నెడుతోంది. ఇందులో దుకాణం చేసిన తప్పేం లేదు. దర్జీ లేవబోయాడు. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, రెండు రికార్డింగులూ వరసగా వినిపించమని మేనేజర్ని అడిగాను.

మొదటిదాంట్లో దర్జీ గొంతు వెనక మిషను చప్పుడుతో సహా వినిపించింది.

"నా నంబరు మారిందమ్మా. మీ దగ్గర మా ఆవిడ కొన్న పుస్తకాలు ఉన్నాయి. వాటికేం కాకుండా నంబరొక్కటీ మార్చండి."

రెండోదాంట్లో గొంతు బొంగురుగా ఉంది. నోటికి ఏదో అడ్డం పెట్టుకున్నట్టుంది.

"నంబరు మార్చుకున్నవాణ్ణే. జలుబు చేసి గొంతు పోయింది. మన దగ్గర కొన్న ఆ పుస్తకాలు ఇక అక్కర్లేదు, ఖాతా మూసెయ్యండి."

పాత నంబరు, కొత్త నంబరు, భార్య పుట్టినతేదీ అడిగితే అన్నీ సరిగ్గా చెప్పాడు. ఇక అనుమానం ఏముంది అన్నట్టు ఇస్త్రీ చేతులు చాచాడు.

ఇంకోసారి వేయమన్నాను. మేనేజరు వేసింది. మూడోసారి కూడా వేయించాను. నాకు గొంతుతో పనిలేదు. గొంతు మార్చొచ్చు. నేను విన్నది ఒక్క మాట.

"అమ్మా, మీ దుకాణానికి వచ్చినవాళ్ళతో మీరేమంటారు? మా దగ్గర ఈ పుస్తకం ఉంది అంటారా, మన దగ్గర ఉంది అంటారా?"

"మా దగ్గర అనే అంటాం," అంది ఆవిడ.

"కొనడానికి వచ్చినవాడు మీ దగ్గర అంటాడు. ఈ బావగారు మొదటిసారి అదే అన్నాడు. మరి మన దగ్గర అని మీతో ఎవరంటారు?"

ఆవిడ అద్దం అవతల బల్లల వైపు చూసింది. "మాలో మేము అనుకుంటాం," అంది నెమ్మదిగా.

నా జీవితమంతా గల్లాపెట్టెకి అటో ఇటో గడిచింది. మనిషి ఏ పక్క నిలబడ్డాడో చూడకుండానే చెప్పగలను. బేరమాడేటప్పుడు ఎంత నటించేవాడైనా ఆ ఒక్క చోట జారతాడు. అటు ఫోనెత్తిన అమ్మాయిని తన సంస్థ మనిషి అనుకునేవాడే 'మన దగ్గర' అంటాడు. ఆ నంబర్లూ పుట్టినతేదీ వాడికి ఈ కంప్యూటర్లోనే దొరుకుతాయి.

ఇస్త్రీ నవ్వాడు. "ఒక్క అక్షరం పట్టుకుని విచారణలో ఏం గెలుస్తావురా? మర్యాద కోసం మన అన్నాడేమో. అయినా మన దగ్గర కొన్నంత మాత్రాన పుస్తకం వాళ్ళ సొంతమైపోదు. చదువుకోనిచ్చాం, అంతే. ఖాతా ఉన్నంతవరకే."

దర్జీ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. మేనేజరు ఇస్త్రీ మొహంలోకి చూస్తోంది. అతను ఎవరి దగ్గర పనిచేస్తే వాళ్ళని ఆ రోజు నుంచే 'మన' అంటాడని నాకు ముందే తెలుసు. నాతో ఉన్నన్నాళ్ళూ నా దుకాణాన్ని అలాగే అన్నాడు.

ఇంకొక్కటి అడగాల్సి ఉంది. నర్సు మీద ఫిర్యాదు కిందటి వారానిది. ఈయన మీ దగ్గరికి ఎప్పుడొచ్చారు అన్నాను.

"వేసవిలోనే వచ్చారు," అంది మేనేజరు. "ఆ మందుల పుస్తకంలో అంకె సరిచేశాక. దాని గురించి ఎవరు అడిగినా ముందు ఈయనకి చెప్పమన్నారు. కిందటి వారం ఆసుపత్రి వాళ్ళు అడిగిన రోజు కూడా..." అక్కడ ఆగిపోయింది. తను ఏం చెప్పిందో తన చెవికే అప్పుడు వినిపించినట్టుంది.

రికార్డింగ్ మీద తేదీ చూస్తే, ఆసుపత్రి అడిగిన రోజునే రెండో ఫోన్ వచ్చింది. అది కాదు నన్ను కదిలించింది. పుస్తకంలో తప్పుందని వీళ్ళకి వేసవిలోనే తెలుసు. కంప్యూటర్లో సరిచేసి ఊరుకున్నారు. కొన్నవాళ్ళకి చెప్పలేదు. చెబితే ఆ పిల్లవాడికి ఆ మందు అంత పడేది కాదు.

ఇస్త్రీ నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. దర్జీ కూడా వెంట వచ్చాడు. ఇంత జరిగినా అతని చొక్కా నలగలేదు. ఆవిడ రేపటికి ఆ మాట మర్చిపోతుందన్నాడు. 'మన' అన్న మాట మీద ఎవరికీ ఉద్యోగాలు తిరిగి రావన్నాడు. 21 అని ఉన్న కాపీ ఏదీ ఇప్పుడు లోకంలో లేదట. ఏ యంత్రమైనా నెట్‌కి తగిలిన మరుక్షణం 12 వచ్చి కూర్చుంటుందట. అందులో చాలావరకు నిజమేనని నాకూ తెలుసు.

తర్వాత దర్జీ వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు. "చూడండి, పాపం మీ ఆవిడ పుస్తకాలన్నీ తిరిగి ఇప్పిస్తాను. ఖాతా ఇవాళే తెరిపిస్తాను. ఇంట్లో యంత్రాలు పాతవీ కొత్తవీ ఎన్ని ఉంటే అన్నీ ఒకసారి నెట్‌కి కలపమనండి, చాలు. ఆమెకీ మెసేజ్ వెళ్తుంది."

దర్జీ మొహం విప్పారింది. పెళ్ళిరోజు నవల కూడా వస్తుందా అని అడిగాడు. వస్తుందన్నాడు ఇస్త్రీ. దర్జీ అప్పుడే ఫోన్ తీశాడు.

బేరం ఆడకుండానే ఎదుటివాడు సరుకు చేతిలో పెడుతున్నాడంటే, నా దగ్గర అంతకంటే విలువైనదేదో వాడికి కనిపించిందన్నమాట. అదేమిటో నాకింకా తెలియదు. పాతవీ కొత్తవీ అన్నాడు. ఎన్ని ఉంటే అన్నీ అన్నాడు. అప్పుడు నాకు పగిలిన తెర మీద జాకెట్టు మెడలు గుర్తొచ్చాయి. దీనికి నెట్ కూడా లేదు అన్న మాట గుర్తొచ్చింది. నెట్ లేనిదానికి ఖాతా మూసేశారన్న కబురు అందదు. అంకె సరిచేశారన్న కబురూ అందదు.

"ఏం కలపొద్దని చెప్పు బావా," అన్నాను మెట్లు దిగుతూ. "ఏదీ ముట్టుకోవద్దను."

అతను ఫోన్ చేశాడు. ఆమె తీయలేదు. ఆటోలో కూర్చుని దారంతా చేస్తూనే ఉన్నాడు. నా మీద కోపంతో తీయదండీ, అదే దుకాణం మెసేజ్ అయితే చదువుతుంది అన్నాడు. ఆ మాట నిజమయ్యేలా ఉందని నాకూ భయం వేసింది.

మేము దిగేసరికి దుకాణంలో ఆమె లేదు. గోడ దగ్గర ట్యాబ్ కూడా లేదు. పక్కనే ఉన్న జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉంది, ట్యాబ్ ఒక చేత్తో పట్టుకుని. షాపతను నెట్ పాస్‌వర్డ్ చెబుతున్నాడు. మొదటి అక్షరం పెద్దదమ్మా, తర్వాతవన్నీ చిన్నవి అంటున్నాడు. ఆమె ఒక్కో అక్షరమే కొడుతోంది. పగిలిన తెర కదా, ఒక్కో చోట రెండేసిసార్లు నొక్కితే గానీ పడటం లేదు. ఆ పగులే మమ్మల్ని కాపాడింది. దర్జీ పరుగున వెళ్ళి ట్యాబ్ లాక్కున్నాడు. అన్ని రోజుల తర్వాత భార్య అతని మొహం చూసింది.

"పుస్తకాలన్నీ వస్తాయన్నారు," అంది.

"ఉన్నవి కూడా పోతాయి," అన్నాను. "ఇందులో నువ్వు ఒకప్పుడు చదివేదానివా?"

యంత్రం కొనకముందు ఇందులోనే చదివేదట. ఖాతా మూస్తే ఎక్కడా ఉండవన్నారు కదా అని తెరిచి చూడలేదట. దుకాణంలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, మిషను మీద ట్యాబ్ పెట్టాం. జాకెట్టు మెడల ఫోటోలు పక్కకి నెట్టి ఆమె ఈబుక్కుల గుర్తు నొక్కింది. అల్మరా నిండుగా తెరుచుకుంది. కథలు, కుట్లు, పెళ్ళిరోజు నవల. చివర్లో మందుల పుస్తకం. ఆమె ఒక్కో పేజీ తిప్పుకుంటూ ఆ మందు దగ్గరికి వెళ్ళింది.

21.

ఆమె దాని మీద వేలు పెట్టింది, వార్డులో పెట్టినట్టే. దర్జీ ఆ పేజీతో పాటు పుస్తకం మొదటి పేజీని, ఖాతా పేరునీ తన ఫోనులో ఫోటోలు తీశాడు. జిరాక్స్ షాపతన్ని సాక్షిగా పిలిపించాను. రేపు విచారణలో ఈ ట్యాబ్ బల్ల మీద పెట్టి, మేనేజర్ని రప్పించి ఆ రెండు రికార్డింగులూ వినిపిస్తే చాలు. నేను మనసులో లెక్క కట్టేస్తున్నాను. అప్పుడు చూశాను, ఆమె మొహంలో సంతోషం లేదు.

"అన్నయ్యా," అంది. "నెట్ లేనిదాంట్లో పాత అంకె అలాగే ఉంటుందా?"

ఉంటుంది, చూశావుగా అన్నాను.

"అక్కడ వార్డులో ఒక ట్యాబ్ ఉంది. అందరూ చూసుకుంటారని ఈ పుస్తకం నా ఖాతాతో నేనే ఎక్కించి ఇచ్చాను. వార్డులో నెట్ ఉండదు." ఫోన్ చేతిలోకి తీసుకుంది. "విచారణాధికారి తన కంప్యూటర్లో చూసి పుస్తకం సరిగ్గానే ఉందన్నాడు. ఆ మాట మీద వాళ్ళంతా ఇంకా అదే చూసి ఇస్తున్నారు."

అప్పటికే ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది. ఎవరూ తీయడం లేదు. మళ్ళీ చేసింది. దర్జీ చేతిలో టేపు కొస నలుపుతూ నిలబడ్డాడు. పొద్దున్నుంచీ నా ముందు ఆమె ఆ ఆసుపత్రిని 'వాళ్ళు' అనే అంటోంది. వాళ్ళు పంపేశారు, వాళ్ళు నమ్మలేదు. మూడోసారికి ఎవరో ఎత్తారు.

"నేనే," అంది ఆమె. "పెట్టెయ్యకు, విను. మన వార్డులో ట్యాబ్ ఉంది కదా, దాన్ని తీసి బీరువాలో పెట్టు. పిల్లలకి ఎవరికైనా ఆ కొత్త మందు పోశారా ఇవాళ?"

అవతలి మాట మాకు వినిపించలేదు. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

"ఇంకా పొయ్యలేదా. చేతిలోనే ఉందా. అయితే పక్కన పెట్టెయ్. నేను వస్తున్నాను."

చెప్పులు వేసుకుంటూ భర్తని రమ్మని కళ్ళతోనే సైగ చేసింది. సస్పెండైన మనిషిని గేటు దగ్గర ఆపుతారేమో అన్న ఆలోచన ఆమెకి వచ్చినట్టు లేదు. నాకు వచ్చింది గానీ చెప్పలేదు. ఇక్కడి నుంచి ఇంకెన్ని వార్డుల్లో, ఇంకెన్ని పగిలిన తెరల మీద ఆ అంకె కూర్చుని ఉందో కూడా చెప్పలేదు. అది ఇస్త్రీకీ వాళ్ళ సంస్థకీ తెలుసు. రేపు విచారణ గదిలో నేను ముందు అడగబోయేది అదే.

వాళ్ళిద్దరూ వెళ్ళాక ట్యాబ్ గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాను. పొద్దున ఖాళీ యంత్రంతో, ఒక మనిషి మాటతో మొదలైన బేరం ఇది. సాయంత్రానికి ఆ మాట నిజమని తేలింది, ఒక మొగుడికి పెళ్ళాం తిరిగి మొహం చూపించింది, పేరు తెలియని ఒక పిల్లవాడి దగ్గరికి చేరబోయిన చెంచా ఆగింది. నాకు మిగిలింది పగిలిన తెరా, మనసు నిండా భయమూ. లెక్క సరిపోయింది.